కారు సీట్లు విప్పించండి, ఇల్లు బాగుపడుతుంది

ఇల్లు బాగుపడాలంటే కారు సీట్లు విప్పించాలి. ఉట్టిమాట కాదు ఇది. నిదానంగా ఆలోచించి చెబుతున్న మాట.

నవ్వకండి! కారున్నవాళ్లు అసలే నవ్వొద్దు. లేనివాళ్లు నవ్వుకోండి, ఫర్వాలేదు. ఎటూ ఇవాళో రేపో కొంటారు. అప్పుడు గుర్తు చేసుకుందురుగాని.

ఒకప్పుడు కారు మురికైతే ఒక బకెట్టు నీళ్లు, ఒక పాత చొక్కా ఉంటే చాలు. అద్దం తుడిస్తే కారు కడిగినట్టే. ఇప్పుడు అట్లా చెల్లదు. పైన కడిగితే అది ఉత్త వాష్. లోపల తుడిస్తే ఇంటీరియర్. సీట్లన్నీ ఊడదీసి, కార్పెట్టు పీకి, అడుగున ఇనుపరేకు కనపడేదాకా తోమితే దాని పేరు డీప్ క్లీనింగ్. చిలకలూరిపేటలో హైవే పక్కన ఎన్ని టీ కొట్లు ఉన్నాయో అన్ని బోర్డులు ఉన్నాయి దీనికి.

జనం దీన్ని తిడుతున్నారు. మూడు రోజులు కారు ఉండదంటారు. సీట్లు వరండాలో అడ్డం పడి ఉంటాయంటారు. తిరిగి బిగించాక డాష్‌బోర్డులో ఏదో లైటు వెలిగి ఆరిపోదంటారు. అన్నీ నిజమే. కానీ అవన్నీ కష్టాలని ఎవరన్నారు?

సీట్లు విప్పిన కారుని బావమరిది కూడా అరువు అడగడు. ఇంతకన్నా మేలు ఏముంది? ముందు ఎవరు కూర్చోవాలి, వెనక ఎవరు కూర్చోవాలి అన్న తగాదా ఉండదు. సీట్లే లేనప్పుడు పెద్దా చిన్నా ఏముంది, అందరూ సమానమే! ఇంట్లో ఏడాదిగా కనపడకుండా పోయిన సామానంతా ఒక్కపూటలో దొరుకుతుంది. ఫిర్యాదు రాయక్కర్లేదు, స్టేషను మెట్లు ఎక్కక్కర్లేదు. పది ఎం.ఎం. పానా ఒకటీ, పద్నాలుగు ఎం.ఎం. పానా ఒకటీ ఉంటే చాలు.

నమ్మకం కుదరలేదా? అయితే దానయ్య ఇంట్లో జరిగింది వినండి.

దానయ్యది చిలకలూరిపేటకి పది కిలోమీటర్ల దూరంలో ఒక ఊరు. డెబ్బై రెండేళ్లు. ఊహ తెలిసినప్పటి నుంచీ మిర్చి రైతు. మాటలు తక్కువ. రోజుకి పది మాటలు మాట్లాడితే ఆ రోజు ఎక్కువ మాట్లాడినట్టు. అందులోనూ నాలుగు గేదెతో మాట్లాడేవి.

ఆయనకి రెండు కళ్లలోనూ పొర కమ్మింది. కుడికన్ను బాగా ముదిరింది. కల్లంలో ఎండిన మిరపకాయల్లోంచి తాలుకాయలు ఏరడంలో ఒకప్పుడు ఆయన చేతికి ఎదురు లేదు. రంగు చచ్చి తెల్లబడిన కాయని చూడకుండానే తీసేవాడు. ఇప్పుడు చూసి కూడా తీయలేకపోతున్నాడు. ఎర్రకాయ తాలులో పడుతోంది. తాలుకాయ ఎర్రవాటిలో పడుతోంది. పక్కన ఏరే బసవమ్మ, ఆవిడ జట్టు ఆడవాళ్లు, ఆయన లేచి వెళ్లాక ఆయన గంపని మళ్లీ ఏరుతున్నారు. ఆయనకి తెలియదనుకుంటున్నారు.

తెలుసు.

గుంటూరులో ఒక కంటి ఆస్పత్రి వాళ్లు ఆపరేషనుకి గురువారం రమ్మన్నారు. వాళ్లు తేదీ ఇవ్వడం ఇది మూడోసారి. మొదటిసారి రాసిచ్చిన చీటీ ఎక్కడో పోయింది. చీటీతో పాటు తేదీ కూడా పోయింది. రెండోసారి ఇచ్చిన తేదీనాడు కారు నిండా మిర్చి టిక్కీలు. టిక్కీ అంటే మా వైపు మిర్చి బస్తా. అవి యార్డుకి వెళ్లాయి, కళ్లు ఇంట్లో ఉండిపోయాయి. "ఈసారి కూడా రాకపోతే మళ్లీ వరుసలో చివరికి పోతారండీ, వానాకాలం దాటాకే పిలుపు," అని ఆస్పత్రి అమ్మాయి ఫోనులో ఖండితంగా చెప్పింది.

వానాకాలం దాటితే ఈ పంట కల్లం అయిపోతుంది. ఏరడానికి ఏముంటుంది?

ఇక కారు సంగతి. కారు కొడుకు వెంకటనారాయణది. అంటే మిర్చిది. మిర్చి బాగా పలికిన ఏడు కొన్నాడు. తెల్లకారు. కొన్నప్పుడు తెల్లది. ఐదేళ్లలో అది మోయని సరుకు లేదు. యార్డుకి మచ్చు సంచులు, పొలానికి పురుగుమందు డబ్బాలు, పత్తి విత్తనాల ప్యాకెట్లు, ఒకసారి జబ్బుపడిన దూడ. దానయ్య ఎక్కితే వెనక సీటులో, టిక్కీల పక్కన. అవి దొర్లి పడకుండా చేత్తో పట్టుకోవాలిగా! ఆ కారెక్కిన చుట్టం ఊరి పొలిమేర దాటేలోగా మూడుసార్లు తుమ్ముతాడు. ఇంటివాళ్లు తుమ్మరు. ముక్కులు అలవాటుపడ్డాయి.

ఇంతలో బుధవారం ఒక పెద్దమనిషి వస్తున్నాడని కబురు. పేరు శివరామకృష్ణ. హైదరాబాదులో ఉన్న ఒక మిర్చి ఎగుమతి కంపెనీలో క్వాలిటీ ఆఫీసరు. దేశం మొత్తంలో ఏ కాయకి ఎంత ఘాటుందో తేల్చే మనిషి. కల్లంలో సరుకు ఆయన ఒప్పుకుంటే కంపెనీ నేరుగా కొంటుంది. ఏసీ బస్సులో పేటదాకా వస్తాడు. అక్కడి నుంచి వెంకటనారాయణ కారులో తీసుకురావాలి.

ఆయన ఫోనులో ఒకే ఒక్క షరతు పెట్టాడు. "నాకు డస్ట్ పడదండీ. ఘాటు అసలు పడదు. వెహికల్ కాస్త నీట్‌గా ఉండేట్టు చూడండి."

తప్పేముంది? చేపలు కొనడానికి కొత్తపట్నం పోయినాయన నీచువాసన రాకూడదంటే మనం సముద్రాన్ని కడగమూ?

వెంకటనారాయణ ఆ రోజే మాబుని పిలిచాడు. మాబుకి పేటలో హైవే పక్కన, జిన్నింగ్ మిల్లు ఎదురుగా కార్లు కడిగే షెడ్డు ఉంది. అక్కడ కారు కడిగి బయట పెడితే అరగంటలో దాని మీద దూది పేరుకుంటుంది. మళ్లీ కడగాలి. వ్యాపారం ఎక్కడ పెట్టాలో మాబుకి ఒకరు చెప్పక్కర్లేదు.

సోమవారం పొద్దున మాబు తన ట్రాలీ ఆటోలో మిషన్లు వేసుకుని ఇంటికే వచ్చాడు. దానయ్య అరుగు మీద కూర్చున్నాడు. చూపు ఆననప్పుడు మనిషి చెవులతో చూస్తాడు. మాబు చేసే ప్రతి పనినీ దానయ్య చెవులతో చూశాడు.

మాబు ముందు బానెట్టు ఎత్తి బ్యాటరీ వైరు ఊడదీశాడు. తర్వాత వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఏందిరా, కూర్చున్నావు?" అన్నాడు వెంకటనారాయణ.

"పది నిమిషాలు ఆగాలన్నా. సీటులో ఎయిర్‌బ్యాగు ఉంటది. దాంట్లో కరెంటు దిగిపోవాలి. తొందరపడి లాగితే అది పేలిందంటే నా మూతి ఉండదు."

"నేను ఫోనులో వీడియో చూశా. ఆయన ఐదు నిమిషాల్లో సీటు తీసి బయట పెట్టాడు."

"ఆయన వీడియో ఐదు నిమిషాలే ఉంటదన్నా. ఆయన మూతి కూడా నీకు చూపించలేదుగా."

దానయ్య మీసం కదిలింది. ఆ ఇంట్లో నవ్వంటే అదే.

పది నిమిషాలయ్యాక మాబు డ్రైవరు పక్క సీటు కింద చెయ్యి పెట్టి ఎయిర్‌బ్యాగు వైరు పసుపుపచ్చ పిన్ను ఊడదీశాడు. "వైరు పట్టుకుని లాక్కూడదు బాబాయ్, తలకాయ పట్టుకుని లాగాలి," అన్నాడు దానయ్యతో, ఆయనేదో రేపటి నుంచి ఈ పనికి వస్తున్నట్టు. బోల్టులు నాలుగు. ఒక్కో బోల్టూ తీసి డబ్బా మూతలో టక్కున వేశాడు. దానయ్య నాలుగు టక్కులూ విన్నాడు. ఆ తర్వాత సీటుని వెనక్కి వాల్చి, తలుపు గీరకుండా గోనెపట్టా అడ్డం పెట్టి, ఇద్దరూ చెరో పక్క పట్టుకుని బయటికి దించారు.

సీట్ల కింద ఏం దొరికాయో చెబితే నమ్మరు. సగం బస్తా మిరపకాయలు, గింజలతో సహా. రెండు మొలకలు. నిజంగానే మొలకలు! ఒక కాలి మెట్టె. దాని కోసం కోడలు కోటేశ్వరి పనిమనిషిని అనుమానించి మానిపించింది కిందటేడు. టీవీ రిమోటు. అది కారులోకి ఎందుకొచ్చిందో తేల్చడానికి ఇంకో కమిటీ వేయాలి.

ఇంకా ఒక కాగితం. నాలుగు మడతలు.

"ఏందిది?" అని మాబు విప్పి పైకి చదివాడు. "దానయ్య గారు. కుడి కన్ను. జనవరి ఇరవై మూడు. ఉదయం ఎనిమిది గంటలకి, ఏమీ తినకుండా రావలెను."

వెంకటనారాయణ ఆ కాగితాన్ని తీసుకుని అటూ ఇటూ చూసి, "ఓహో, ఇక్కడుందా!" అన్నాడు, పోయిన చెప్పు దొరికినట్టు. దానయ్య చెయ్యి చాచాడు. కాగితాన్ని మళ్లీ నాలుగు మడతలూ పెట్టి జేబులో పెట్టుకున్నాడు. తేదీ దాటిపోయిన చీటీతో ఏం పనో ఆయనకే తెలియాలి.

చూశారా మరి! సీట్లు విప్పకపోతే ఆ చీటీ దొరికేదా? ఆస్పత్రి వాళ్లు దాచుకోలేదనీ, చీటీ ఎక్కడికీ పోలేదనీ, రెండు నెలలూ కొడుకు దాని మీదే కూర్చుని తిరిగాడనీ తెలిసేదా? డీప్ క్లీనింగ్ అని ఊరికే అన్నారా?

సాయంత్రానికి మాబు సీట్లకి నురగ కొట్టి, బ్రష్షుతో తోమి, కడిగాడు. ఎర్రనీళ్లు వాకిలి దాటి రోడ్డెక్కాయి. అటు పోయే జనం ఏటపోతుని కోశారేమో అనుకున్నారు. చివరికి సీట్లకి వాటి అసలు రంగు వచ్చింది. బూడిదరంగు. ఆ రంగని ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

"ఇంక ఇవి ఆరాలన్నా. నీడపట్టున, గాలి ఆడే చోట, దుమ్ము తగలకుండా పెట్టు. బుధవారం పొద్దున వచ్చి బిగిస్తా," అని చెప్పి మాబు వెళ్లిపోయాడు.

వెంకటనారాయణ చెవికి అందులో ఒక్క మాటే ఎక్కింది. ఆరాలి.

మార్చి నెలలో మా వైపు ఎవరి చెవిన ఆ మాట పడ్డా వాళ్ల కాళ్లు వాటంతట అవే కల్లం వైపు నడుస్తాయి. ఊరవతల చదును చేసిన నేల, పట్టాలు పరిచి ఆ చివర నుంచి ఈ చివరదాకా ఎర్రగా మిరపకాయలు, నెత్తిన ఎండ. ఆరవలసింది ఏదైనా అక్కడే ఆరాలి. దుప్పట్లు అక్కడే. పిల్లల స్కూలు బూట్లు అక్కడే. నీళ్లలో పడ్డ ఫోనుని కూడా మిరపకాయల్లో పూడ్చిపెట్టిన ఊరది. ఫోను బాగుపడింది. మాట్లాడినాయన చెవి బాగుపడటానికి వారం పట్టింది.

సీట్లు ట్రాక్టరెక్కాయి.

"ఒరేయ్ నారాయణా," అన్నాడు దానయ్య అరుగు మీద నుంచి. "కల్లంలో..."

"నీకు తెలవదులే నాన్నా. ఇయ్యి కారు సీట్లు. మిరపకాయలు కాదు."

దానయ్య మిగతా మాట మింగేశాడు. మింగడం ఆయనకి అలవాటే. ఆ ఇంట్లో ఆయన మింగిన మాటలు ఆరబోస్తే కల్లం చాలదు.

మంగళవారం కల్లం కళకళలాడింది! బసవమ్మ జట్టు మధ్యాహ్నం సద్ది విప్పే వేళకి కారు సీట్లు వరసగా ఎదురుగా ఉన్నాయి. మిరపకాయల మధ్యన, మహారాజుల మాదిరి. ఎవరైనా ఎంతసేపని నేల మీద కూర్చుంటారు?

వెనక సీటులో నలుగురు సర్దుకున్నారు. బసవమ్మ డ్రైవరు సీటెక్కి కూరగిన్నె మూతని స్టీరింగులా తిప్పింది.

"పోనీయవే బసవక్కా, గేరెయ్యి!"

"ముందు బెల్టు పెట్టుకోండే! పోలీసోళ్లు ఆపారంటే నేను మీరెవరో తెలవదంటా."

"ఎక్కడికి పోతున్నాం?"

"వినుకొండ. మా చెల్లెలింటికి. కూడు తిని దిగిపోండి, మళ్లీ తిప్పలేను!"

దానయ్య వచ్చాడు. ఆడవాళ్లు గబుక్కున లేవబోయారు. "కూర్చోండమ్మా," అన్నాడాయన. ఖాళీగా ఉన్నది డ్రైవరు పక్కన ముందు సీటు. తడుముకుంటూ వెళ్లి అందులో కూర్చున్నాడు. ఐదేళ్లలో ఆ సీటులో కూర్చోవడం ఆయనకి అదే మొదలు. కారు లేదు గాని సీటు మాత్రం మెత్తగా ఉంది. ఎదురుగా అంతా ఎర్రగా అలుక్కుపోయి ఉంది. కాయ కాయగా కనపడలేదు.

"ఎల్లుండేగా మామా, కళ్లకి?" అంది బసవమ్మ.

"ఎల్లుండే," అన్నాడు. నోటితో అంటూ చేత్తో జేబులో చీటీని తడుముకున్నాడు.

అటుపక్క ఇద్దరు కాళ్లతో కాయలు తిరగేస్తున్నారు. ఎర్రటి ధూళి లేచి, గాలికి వచ్చి, ఇంకా తడి ఆరని సీట్ల మీద మెల్లగా వాలింది. తడి స్పాంజికి దాహమెక్కువ. వచ్చినదాన్ని వచ్చినట్టు తాగింది. పైకి మాత్రం ఏమీ తెలియలేదు. బూడిదరంగు బూడిదరంగుగానే ఉంది. ఎంతటి పెద్దమనిషి తరహా!

బుధవారం పొద్దున మాబుకి నర్సరావుపేటలో పెళ్లికారు పని తగిలింది. మధ్యాహ్నం వస్తానన్నాడు. బస్సు పదింటికే వస్తుంది. మరి వెంకటనారాయణ ఆగుతాడా? వీడియో చూసి తనే బిగించాడు. నాలుగు బోల్టులే కదా! పసుపుపచ్చ పిన్ను పెట్టడం మర్చిపోయి తాళం తిప్పాడు. డాష్‌బోర్డులో ఒక బొమ్మ వెలిగింది. ఒక మనిషి, ఎదురుగా ఒక గుండ్రటి బంతి. "బెల్టు పెట్టుకోమంటుంది," అని కోటేశ్వరికి వివరించి, మల్లెపూల సెంటు సీసా సగం కొట్టి బయల్దేరాడు.

కారు సందు తిరిగాక దానయ్య అరుగు దిగాడు. కాలికింద ఏదో గట్టిగా తగిలింది. వంగి తీశాడు. బోల్టు! చేతిలో తిప్పి చూసుకుని, పంచె మడతలో దోపుకున్నాడు. కారు వెళ్లిన వైపు చెవి పెట్టాడు. హారను అప్పటికే దూరమైపోయింది.

శివరామకృష్ణ గారు బస్సు దిగి, కారులోకి తొంగిచూసి, "వెరీ నీట్!" అన్నారు. ముందు సీటులో కూర్చున్నారు. అద్దాలన్నీ ఎక్కించి, ఏసీ పెట్టించారు. మల్లెపూల వాసనకి కళ్లు మూసుకున్నారు కూడా.

హైవే దిగేదాకా ఏమీ లేదు. ఊరి రోడ్డులో మొదటి గోతి వచ్చింది. మూడు బోల్టుల సీటు ముందుకి ఒరిగి వెనక్కి కూలబడింది. కొలిమితిత్తిలా ఊపిరి వదిలింది.

మొదటి తుమ్ము.

రెండో గోతికి నాలుగు తుమ్ములు. మా పంచాయతీ రోడ్డు సంగతి మీకు తెలియనిది కాదు. ఊరు ఇంకా మూడు కిలోమీటర్లుందనగా లెక్కపెట్టడం వెంకటనారాయణ వల్ల కాలేదు.

"ఆపండి! బండి ఆపండీ!"

దిగి కల్వర్టు మీద కూలబడ్డారు పాపం. రెండు సీసాల నీళ్లతో మొహం కడిగారు. తుడుచుకోమని వెంకటనారాయణ తన తువ్వాలు ఇచ్చాడు. ఆ తువ్వాలు ఎక్కడ ఆరిందో వేరే చెప్పాలా?

ఆ తర్వాత ఆయన కల్లం దాకా రానన్నారు. మచ్చు సంచి చూపిస్తే చేత్తో దూరంగా నెట్టారు. "అక్కర్లేదండీ... ఘాటు... హాచ్... సరిపోతుంది. బాగా సరిపోతుంది. సరుకు పంపించండి," అని, అటు వచ్చిన షేర్ ఆటో ఎక్కి పేటకి వెళ్లిపోయారు.

ఇది లాభమా, నష్టమా? మీరే చెప్పండి! ల్యాబు లేదు, మిషను లేదు, రిపోర్టు కోసం కాచుకోవడం లేదు. ఒక గోతి, ఒక సీటు, ఒక క్వాలిటీ ఆఫీసరు. సరుకు పాసు! ఇంతకన్నా ఏం కావాలి రైతుకి?

కానీ ఇంటికొచ్చిన వెంకటనారాయణ ఇదేమీ గుర్తించలేదు. అప్పుడే వచ్చిన మాబు మీద అరిచాడు. "ఏం కడిగావురా నువ్వు? పరువు పోయింది నాకు!"

మాబు కారు తలుపు తీసి, తల లోపల పెట్టి, వెంటనే బయటికి తీశాడు. "ఎక్కడ ఆరబెట్టావన్నా?"

"కల్లంలో."

మాబు వాకిట్లోనే చతికిలపడి నవ్వాడు. కళ్లల్లో నీళ్లు వచ్చాయి. కొన్ని నవ్వుకి, కొన్ని కారుకి. "కారం కడిగిన సీట్లు కల్లంలో ఎట్టా పెట్టావన్నా! చెప్పేవాళ్లే లేరా ఇంట్లో?"

అరుగు మీద దానయ్య గొంతు సవరించుకున్నాడు. ఎవరూ అటు చూడలేదు.

వెంకటనారాయణకి అప్పుడు ఇంకొకటి గుర్తొచ్చింది. "రేపు నాన్న ఆపరేషను! దీంట్లో ఎట్టా తీసుకుపోతాం? కోసిన కంటికి ఈ ఘాటు తగిలితే ఇంకేమన్నా ఉందా? ఆస్పత్రికి ఫోను చేసి ఇంకో తేదీ అడుగుదాంలే. ఇన్నాళ్లు ఆగినోళ్లం..."

"మళ్లానా?" అంది కోటేశ్వరి.

దానయ్య లేచాడు. గోడ పట్టుకుని మెట్లు దిగాడు. కారు దగ్గరికి నడిచి, తలుపు తడిమి, ముందు సీటులో కూర్చుని, తలుపు వేసుకున్నాడు. సీటు ఊగింది. కళ్లు భగ్గుమన్నాయి. కదల్లేదు.

"దిగు నాన్నా. కళ్లకి మంచిది కాదు."

దిగలేదు.

"ఏమోయ్, నువ్వు చెప్పు!" అన్నాడు వెంకటనారాయణ పెళ్లాంతో.

కోటేశ్వరి చీరకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఇందాకటి నుంచీ మీరూ చెబుతున్నారు, నన్నూ చెప్పమంటున్నారు," అంది. "ఆయన్ని ఎవరన్నా ఏదన్నా అడిగారా?"

వెంకటనారాయణ అద్దంలోంచి తండ్రి వైపు చూశాడు. ఈ పని ఎట్లా మొదలుపెట్టాలో ఏ వీడియోలోనూ చూసి ఉండడు. చివరికి తలుపు తీసి, వంగి, "ఏం చేద్దామంటావు నాన్నా?" అన్నాడు.

"రేపు ఆరింటి బస్సుకి నేనూ కోడలూ పోతాం," అన్నాడు దానయ్య. "మాబూ, నువ్వు రేపు సీట్లు మళ్లీ తియ్యి. నీళ్లు కొట్టొద్దు. మిషనుతో దుమ్ము పీల్చి, తడిగుడ్డ పెట్టి తుడువు. డాబా మీద పడమటి పక్కన, నీడలో పెట్టండి. కల్లం గాలి అటు రాదు. బ్యాటరీ వైరు తీసి పది నిమిషాలు ఆగడం మర్చిపోవద్దు. ఆ వెలిగే లైటు బెల్టుది కాదు. పసుపుపచ్చ పిన్ను పెట్టలేదు వీడు, ఆ చప్పుడు నాకు వినపడలా. సాయంత్రానికి వచ్చి నన్ను తీసుకుపోండి."

పంచె మడతలోంచి తీసి ఇచ్చాడు. "ఇది నాలుగో బోల్టు. మూడింటి మీద తీసుకుపోయావు ఆ పెద్దమనిషిని. సచ్చేవాడు."

పెళ్లి అయిన నాటి నుంచీ మామగారు ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం కోటేశ్వరి వినలేదు.

"ఇంత తెలిసినోడివి, సోమవారమే చెప్పొచ్చుగా నాన్నా?"

"చెప్పబోయా. కారు సీట్ల సంగతి నాకు తెలవదన్నావు."

మాబు మళ్లీ నవ్వబోయి, వెంకటనారాయణ మొహం చూసి బానెట్టు ఎత్తాడు.

గురువారం అన్నీ దానయ్య చెప్పినట్టే జరిగాయి. బస్సు ఆరింటికి వచ్చింది. ఆస్పత్రిలో దానయ్య కొత్త తేదీ చెప్పి, మడతపెట్టిన జనవరి చీటీ కూడా తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది పాతదండీ," అంది ఆ అమ్మాయి. "తెలుసమ్మా. దొరికింది," అన్నాడాయన.

సాయంత్రం కారు వచ్చి ఆస్పత్రి గుమ్మం ముందు ఆగింది. సీటు కదల్లేదు. లైటు వెలగలేదు. ఎవరూ తుమ్మలేదు. నల్లద్దాలు పెట్టుకుని దానయ్య ముందు సీటులో కూర్చున్నాడు. వెంకటనారాయణ వంగి తండ్రికి బెల్టు పెట్టాడు. నాలుగు కిలోమీటర్లు పోయాక, అడగాలా వద్దా అని ఆలోచించి అడిగాడు.

"సీటు ఎట్టా ఉంది నాన్నా?"

దానయ్య సీటుని చేత్తో తడిమాడు. "కల్లంలోనే బాగుంది," అన్నాడు.

రెండు వారాల తర్వాత కంటి చుక్కల సీసా జేబులో పెట్టుకుని కల్లానికి వచ్చాడు. గాలి ఎటుందో చూసుకుని, పైగాలి పక్కన కూర్చుని గంప ముందేసుకున్నాడు. ఆ రోజు ఆయన లేచి వెళ్లాక ఆయన గంప ఎవరూ ముట్టలేదు. వెళ్లేముందు ఆయనే బసవమ్మ గంపలోకి వంగి, రెండు తాలుకాయలు తీసి అవతల పారేశాడు.

"ఓయమ్మో! కళ్లొచ్చాయే మామకి!" అంది బసవమ్మ.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా! సీట్లు విప్పించండి. ఆలస్యం చేయొద్దు. మీ ఇంట్లో కూడా అరుగు మీదో, వసారా మూలనో మాటలు తక్కువ మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఆ మనిషి నోట మాట రావాలంటే ఏం చేయాలో చూశారుగా! కారు లోపల ఇనుపరేకు తేలేదాకా తోమించాలి. సీట్లు కల్లంలో ఆరబెట్టాలి. హైదరాబాదు నుంచి ఒకాయన్ని పిలిపించి, కల్వర్టు మీద ఏడిపించాలి. అప్పుడు గాని ఆ ఒక్క ప్రశ్నా మన నోట్లోంచి ఊడిరాదు.

ఇంత తిప్పలు లేకుండా, సోమవారం పొద్దునే అరుగు దగ్గర ఆగి అడిగితే సరిపోదా అంటారా?

సరిపోతుంది. కానీ ఆ పని ఏ షెడ్డులోనూ చేయరు. మాబుని అడిగి చూశాం.